ర్యాంకులు గోడలకెక్కాయి.. తప్పినవారి లెక్క ఏదీ?

గుంటూరు: పదో తరగతి ఫలితాలు వెలువడగానే అరండల్‌పేట, బ్రాడీపేట వీధుల్లో కళాశాలల ప్రకటన ఫలకాలు మారిపోతాయి. ఇంజినీరింగ్, వైద్య ప్రవేశ పరీక్షల ర్యాంకుల పక్కనే సీఏ ర్యాంకులూ దర్శనమిస్తాయి. నల్లకోటు తొడుక్కొని చేతులు కట్టుకు నిలబడిన కుర్రవాడి ఛాయాచిత్రం, దాని కింద అఖిల భారత స్థాయి ర్యాంకు, ఆ కింద ‘ఇంటర్‌తో పాటే సీఏ’ అన్న మాట. మిర్చి యార్డులో సరకు అమ్ముకొని ఊరికి బస్సెక్కబోయే రైతు కంట అది పడకుండా పోదు. ఆ ఫలకం మీద లేనిది ఒక్కటే. ఆ కుర్రవాడితో పాటు ఆ ఏడాది చేరినవారు ఎందరు, పరీక్ష రాసినవారు ఎందరు, తప్పినవారు ఎందరు అన్న లెక్క. జమాఖర్చుల విద్య నేర్పేచోట జమ మాత్రమే చూపి ఖర్చు దాచడం విడ్డూరమే.

దేశం మొత్తానికి ఆ లెక్క ఉంది. పరీక్షలు నిర్వహించే భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ, అంటే ఐసీఏఐ, ప్రతి విడతలోనూ రాసినవారి సంఖ్యను, ఉత్తీర్ణుల సంఖ్యను వెల్లడిస్తూనే ఉంది. కోర్సుకు తొలి మెట్టయిన ఫౌండేషన్ పరీక్షను 2024 జూన్‌లో 91,900 మంది రాయగా గట్టెక్కినవారు 13,749 మంది. అంటే 14.96 శాతం. అదే ఏడాది సెప్టెంబరులో 19.67 శాతం, 2025 జనవరిలో 21.52 శాతం ఉత్తీర్ణులయ్యారు. 2025 మే నెలలో 82,662 మందికి గాను 12,474 మంది, 15.09 శాతం మాత్రమే మిగిలారు. మరో విధంగా చెప్పాలంటే తరగతి గదిలో వందమంది కూర్చుంటే ఎనభై మంది, కొన్నిసార్లు ఎనభై అయిదు మంది తొలి మెట్టు మీదే ఆగిపోతున్నారు.

రెండో మెట్టు ఇంకా ఏటవాలు. 2024 సెప్టెంబరు విడతలో సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ కలిపి 23,482 మంది రాస్తే, రెండూ ఒకేసారి పూర్తిచేసినవారు 1,330 మంది. శాతం 5.66. తరువాతి విడతలో, 2025 జనవరిలో, అది 14.05 శాతానికి పెరిగింది.

పరీక్ష కఠినంగా ఉండటాన్ని తప్పుపట్టే పని లేదు. కంపెనీ లెక్కలు సక్రమమని సంతకం పెట్టే అధికారం ఇచ్చే పట్టా అది. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద ఏర్పడిన సంస్థ ఆ సంతకానికి విలువ నిలబెట్టవలసిందే. ప్రశ్న వేరే ఉంది. ఆ పరీక్ష ముందుకు పదిహేడేళ్ల పిల్లలను ఎవరు, ఏ మాట చెప్పి, ఎప్పుడు తీసుకువచ్చి నిలబెడుతున్నారన్నదే ఇక్కడ తేలవలసిన విషయం.

రెండు పడవల ప్రయాణం

సీఏ శిక్షణకు గుంటూరు, విజయవాడ నగరాలు చాలాకాలంగా పేరొందాయి. పల్నాడు, బాపట్ల, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చే పిల్లలతో ఇక్కడి వసతిగృహాలు నిండుతాయి. ఎంఈసీ లేదా సీఈసీ గ్రూపులో చేరిన విద్యార్థి ఒకవైపు ఇంటర్మీడియట్ బోర్డు పాఠ్యాంశాలు, మరోవైపు సీఏ ఫౌండేషన్ పాఠ్యాంశాలు చదవాలి. కళాశాలలు దీనిని ఒకే చదువులో రెండు ప్రయోజనాలుగా చెబుతాయి. తల్లిదండ్రులకూ అలాగే వినిపిస్తుంది. వాస్తవానికి ఇవి రెండు వేర్వేరు పడవలు.

బోర్డు పరీక్షలో నూటికి 35 మార్కులు వస్తే ఉత్తీర్ణత. పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలు, గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు వల్లె వేసి, వెయ్యికి తొమ్మిది వందల పైచిలుకు తెచ్చుకుంటున్నవారు జిల్లాలో కొల్లలు. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు: అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, గణితం-తర్కం-గణాంకాలు కలిసిన క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, వ్యాపార ఆర్థికశాస్త్రం. మొదటి రెండింటికీ వివరణాత్మక సమాధానాలు రాయాలి. చట్టాల పేపరులో ఒక చిన్న ఉదంతం ఇచ్చి, ఆ ఒప్పందం చెల్లుతుందా లేదా, ఎందుకని అడుగుతారు. సెక్షను అప్పజెప్పితే సరిపోదు. దాన్ని ఆ ఉదంతానికి అన్వయించి, ఒక నిర్ణయానికి వచ్చి, నాలుగు వాక్యాల్లో చెప్పగలగాలి.

ఆ నాలుగు వాక్యాలూ ఏ భాషలో అన్నది మరో చిక్కు. ఐసీఏఐ పరీక్షలకు ఇంగ్లిషులో గాని, హిందీలో గాని సమాధానాలు రాయవచ్చు. తెలుగుకు ఆ వెసులుబాటు లేదు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పదేళ్లు తెలుగులో చదివి, లెక్కల్లో చురుకైనవాడని ఉపాధ్యాయుల మెప్పు పొందిన పిల్లవాడు ఇక్కడికి వచ్చాక అకౌంటింగ్‌లో నెగ్గి చట్టాల పేపరులో చిక్కుకుపోతాడు. తెలివి లేక కాదు, తెలిసినదాన్ని రాయడానికి మాటలు చాలక. ఉత్తరాదిన హిందీలో చదువుకున్న గ్రామీణ విద్యార్థికి దొరికే పాటి ఆసరా తెలుగు విద్యార్థికి దొరకడం లేదన్న సంగతిని ప్రజాప్రతినిధులు ఎవరైనా గట్టిగా ప్రస్తావించవలసి ఉంది. ఇంగ్లిషులో రాయడం నేర్పే గంట మాత్రం చాలా కళాశాలల దినచర్య పట్టికలో కనిపించదు. తెల్లవారుజామున మొదలై రాత్రి వరకు సాగే స్టడీ అవర్లలో వల్లె వేయడానికే చోటు.

పేర్ల తికమక కూడా తక్కువేమీ కాదు. బోర్డు ఇంటర్ వేరు, సీఏ ఇంటర్ వేరు. మొదటిది పన్నెండో తరగతితో సమానం, రెండోది ఫౌండేషన్ దాటినవారు రాసే వృత్తి పరీక్ష. ‘మీవాడు ఇంటర్ తప్పాడట గదా’ అని ఊళ్లో అడిగేవారికి ఈ తేడా చెప్పలేక తలవంచుకొనే తండ్రులు ఉన్నారు.

సీపీటీ కాలపు అలవాటు

ఇక్కడి కళాశాలలకు సీఏ పేరు తెచ్చింది 2006లో మొదలైన సీపీటీ. 200 మార్కుల ఆ ప్రవేశ పరీక్ష అంతా బహుళైచ్ఛిక ప్రశ్నలే. సరైన సమాధానం గుర్తిస్తే చాలు, ఒక్క వాక్యమైనా రాయనక్కరలేదు. రోజూ నమూనా పరీక్షలు పెట్టడం, వేల సంఖ్యలో ప్రశ్నలు సాధన చేయించడం తెలుగునాట కార్పొరేట్ కళాశాలలకు వెన్నతో పెట్టిన విద్య. ఆ పద్ధతి సీపీటీకి సరిగ్గా అతికింది. తెలుగు విద్యార్థులు జాతీయస్థాయిలో అగ్రశ్రేణి మార్కులు తెచ్చుకున్నారు.

ఐసీఏఐ 2017లో విధానాన్ని మార్చింది. సీపీటీ స్థానంలో ఫౌండేషన్ వచ్చింది. 2018 మే నుంచి సగం పరీక్ష వివరణాత్మకమైంది. 2023లో మరోసారి పాఠ్యప్రణాళిక మారింది. ఆ కొత్త ప్రణాళిక కింద జరిగిన తొలి ఫౌండేషన్ విడతే 14.96 శాతం వచ్చిన 2024 జూన్ పరీక్ష. పరీక్ష రెండుసార్లు మారినా బోధన మాత్రం చాలాచోట్ల ప్రశ్నల నిధులు, రోజువారీ పరీక్షల చుట్టూనే తిరుగుతోంది. వివరణాత్మక జవాబుపత్రాన్ని దిద్ది, ఎక్కడ తప్పు జరిగిందో విద్యార్థికి కూర్చోబెట్టి చెప్పాలంటే అనుభవమున్న అధ్యాపకుడు కావాలి, సమయమూ కావాలి. వందమంది ఉన్న సెక్షనులో అది ఖర్చుతో కూడిన పని.

సంఖ్యల వెనుక ఒక వరుస

అయిదారు విడతల జాతీయ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. 2022 డిసెంబరులో ఫౌండేషన్ ఉత్తీర్ణత 29.25 శాతం. 2023 జూన్‌లో 24.98కి పడింది. డిసెంబరులో మళ్లీ 29.99కి పెరిగింది. 2024 జూన్‌లో 14.96. 2025 జనవరిలో 21.52. ఆ మే నెలలో 15.09. పాఠ్యప్రణాళిక పాతదైనా కొత్తదైనా, చలికాలపు విడత కంటే దానిని ఆనుకొని ఉన్న వేసవి విడతలో ఉత్తీర్ణత తక్కువగానే ఉంటోంది.

ఇది కాకతాళీయం కాకపోవచ్చు. రాష్ట్రంలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మార్చితో ముగుస్తాయి. ఫౌండేషన్ వేసవి విడత మే లేదా జూన్‌లో వస్తుంది. నడుమ దక్కేది రెండు నెలలు. అంతకుముందు నాలుగైదు నెలలుగా విద్యార్థి దృష్టంతా బోర్డు మార్కుల మీదే ఉంటుంది. ఎందుకంటే కళాశాలకు ఆ మార్కులూ ప్రకటనలో కావాలి. రెండేళ్లు చదివించామని చెబుతున్న ఫౌండేషన్‌ను చివరికి ఆ రెండు నెలల్లో తిరగేయిస్తున్నారు. ప్రాక్టికల్ పరీక్షలు లేని కామర్సు విద్యార్థికి ఇంటర్ సులువేనన్న ధీమా ఒకటి.

చలికాలం వరకు ఆగితే అందరూ గట్టెక్కుతారని చెప్పడానికి లేదు. ఆ విడతలో అప్పటికే ఒకసారి రాసి అనుభవం గడించినవారూ ఉంటారు. 2025 సెప్టెంబరు విడతలో ఉత్తీర్ణత 14.78 శాతమే కావడం చూస్తే, మూడు నెలల అదనపు గడువు ఒక్కటే మందు కాదని తెలుస్తుంది. అయినా 2024 నుంచి ఫౌండేషన్, ఇంటర్ పరీక్షలను ఏడాదికి మూడుసార్లు నిర్వహిస్తున్నప్పుడు, సిద్ధంగా లేని పిల్లవాడిని మొదటి వేసవిలోనే పంపించాలన్న తొందర ఎవరి కోసమన్నది ఆలోచించవలసినదే. ‘మొదటి ప్రయత్నంలోనే’ అన్న మాట ఫలకం మీద అందంగా ఉంటుంది. విద్యార్థికి మాత్రం ఆ మొదటి ఓటమి చాలాకాలం వెంటాడుతుంది.

నలభై, యాభై

తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియనిది ఉత్తీర్ణత నిబంధన. ప్రతి పేపరులో కనీసం 40 మార్కులు, మొత్తం మీద సగటున 50 శాతం రావాలి. రెండూ ఏకకాలంలో. ఒక విద్యార్థికి 72, 65, 58, 38 వచ్చాయనుకుందాం. మొత్తం 233. సగటు 58 దాటింది. అయినా ఒక పేపరులో రెండు మార్కులు తగ్గినందుకు పరీక్ష మొత్తం తప్పినట్టే. మరొకరికి 45, 44, 46, 42 వచ్చాయి. అన్నింటా 40 దాటింది. మొత్తం 177, కావలసింది 200. ఆయనా తప్పినట్టే.

దీనికి తోడు బహుళైచ్ఛిక ప్రశ్నలుండే రెండు పేపర్లలో తప్పు సమాధానానికి పావు మార్కు కోత ఉంది. 50 ప్రశ్నలకు సరిగ్గా, 44 ప్రశ్నలకు ఊహించి తప్పుగా గుర్తించినవారికి 11 మార్కులు కోతపడి మిగిలేది 39. సగం పేపరు సరిగ్గా చేసినా గట్టెక్కలేదు. బోర్డు పరీక్షలో ఏ ప్రశ్నా వదలవద్దని నేర్పిన నోటితోనే, ఇక్కడ తెలియనిది వదిలేయమని నేర్పాలి. అది ఒక్క రోజులో వచ్చే అలవాటు కాదు.

సీఏ ఇంటర్‌లో కొంత ఊరట ఉంది. గ్రూపు తప్పినా ఏదైనా పేపరులో 60 మార్కులు తెచ్చుకుంటే తదుపరి ప్రయత్నాల్లో ఆ పేపరుకు మినహాయింపు దొరుకుతుంది. ఫౌండేషన్‌లో అలాంటిది లేదు. మళ్లీ నాలుగూ రాయవలసిందే.

తప్పినవారి సంగతి

అసలు నష్టం ఇక్కడ మొదలవుతుంది. ఐసీఏఐకి కట్టే రుసుములు పెద్దవి కావు. ఫౌండేషన్ నమోదుకు 9 వేల రూపాయలు, పరీక్షకు 1,500. వసతిగృహంతో కలిపి కళాశాల వసూలు చేసేది దానికి అనేక రెట్లు. మొదటి రెండేళ్ల ఖర్చు ఇంటర్ పట్టా రూపంలో కొంతైనా నిలుస్తుంది. ఆ తరువాత ఏడాదిన్నర, రెండేళ్లు ‘లాంగ్‌టర్మ్’ బ్యాచ్‌లలో పోసే డబ్బుకు, గడిచే వయసుకు పరీక్ష గట్టెక్కకపోతే చేతికి వచ్చే కాగితం ఏదీ ఉండదు.

తోటివారు డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి ఈ విద్యార్థి ఇంకా ఫౌండేషన్ మూడో ప్రయత్నంలో ఉంటాడు. పేరుకు దూరవిద్యలో బీకాం కట్టించి ఉంటారు. ఆ పుస్తకాలు తెరిచే తీరిక ఉండదు. పండక్కి ఇంటికి వెళ్లడానికి వెనకాడతాడు. ఆడపిల్లల విషయంలో గడువు మరీ తక్కువ. కొడుకుకు మరో ప్రయత్నం అనుకున్న ఇంట్లోనే, కూతురు రెండోసారి తప్పితే సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఈ పిల్లల్లో అత్యధికులు పదో తరగతి వరకు బడిలో ముందు వరుసలో కూర్చున్నవారే. ఓటమి ఎలా ఉంటుందో వారికి అదే మొదటిసారి తెలుస్తుంది. ఆ సమయంలో మాట్లాడే కౌన్సెలర్ ఉన్న వసతిగృహాలు అరుదు.

సీఏకు మరో దారి ఉందని కూడా వీరిలో చాలామందికి ఎవరూ చెప్పరు. కామర్సు డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం మార్కులు తెచ్చుకున్నవారు ఫౌండేషన్ రాయకుండానే నేరుగా సీఏ ఇంటర్‌లో నమోదు కావచ్చు. అంటే ఫౌండేషన్ రెండుసార్లు తప్పిన పిల్లవాడు క్రమంగా బీకాం పూర్తిచేస్తే ఇరవై, ఇరవై ఒకటో ఏట మరింత పరిణతితో అదే తలుపు తట్టవచ్చు. తలుపు తెరుచుకోకపోయినా చేతిలో డిగ్రీ మిగులుతుంది. 2023 మార్పుతో ఆర్టికల్‌షిప్ శిక్షణ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గినందున ఈ దారిలో వచ్చేవారికి వయసు భారం మునుపటంత లేదు. ఈ మాట చెప్పడం వల్ల లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లకు లాభం లేదు.

నిబంధనలున్నా..

కళాశాలల వాదన కళాశాలలకు ఉంది. పేరు నమోదు చేసుకొని పుస్తకం ముట్టకుండా పరీక్షకు వచ్చేవారు కూడా జాతీయ సంఖ్యలో కలిసి ఉంటారని, తమ విద్యార్థుల ఫలితం అంతకంటే ఎంతో మెరుగని అవి చెబుతాయి. అందులో నిజం లేకపోలేదు. సేద్యం తప్ప మరొకటి ఎరగని కుటుంబాల నుంచి మొదటి తరం సీఏలు ఈ వసతిగృహాల క్రమశిక్షణ వల్లనే వచ్చారన్నదీ కాదనలేనిది. అయితే తమ సంఖ్య మెరుగైనదే అయినప్పుడు దాన్ని చూపడానికి అడ్డేమిటన్న ప్రశ్నకు జవాబు రావడం లేదు.

ఐసీఏఐ ఫలితాలను కళాశాలల వారీగా ప్రకటించదు. నమోదు విద్యార్థి పేరు మీద జరుగుతుంది. ఇంటర్మీడియట్ బోర్డుకు సీఏ ఫలితాలతో నిమిత్తం లేదు. ఈ రెండింటి నడుమ ఖాళీలో కళాశాల చెప్పిందే లెక్క. పలు ఊళ్లలోని శాఖలన్నింటి ర్యాంకులూ ఒకే ఫలకం మీదకు చేరతాయి. గట్టెక్కుతారనుకున్నవారిని ప్రత్యేక సెక్షనుగా విడదీసి, ఆ సెక్షను ఫలితాన్నే మొత్తం ఫలితంగా చూపడమూ ఉంది.

కోచింగ్ కేంద్రాలు ర్యాంకులకు హామీలివ్వరాదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు జారీచేసింది. అదే సంవత్సరం నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలపై మరికొన్ని మార్గదర్శకాలు తెచ్చింది. విజేత ఫొటో వాడాలంటే ఫలితం వచ్చాక అతని అనుమతి ఉండాలి, అతను ఏ కోర్సు చదివాడో, అది డబ్బు కట్టి చదివినదో కాదో తెలపాలి. ఇవన్నీ ప్రధానంగా గెలిచినవారికి సంబంధించిన జాగ్రత్తలు. ఓడినవారి సంఖ్య ఫలకం మీదకు రావాలంటే అడిగే బాధ్యత ప్రస్తుతానికి తల్లిదండ్రులదే. నిరుడు ఈ శాఖలో సీఏ బ్యాచ్‌లో చేరినవారు ఎందరు, రెండో ఏడాది చివరికి మిగిలినవారు ఎందరు, ఫౌండేషన్ రాసినవారు, తొలి ప్రయత్నంలో దాటినవారు ఎందరు? ఈ నాలుగు సంఖ్యలూ కాగితం మీద రాసిమ్మంటే ప్రవేశాల కార్యాలయంలో ఏం జరుగుతుందో చూడవలసిందే.

అడగవలసిన సమయం మరొకటి ఉంది. వేసవి విడత ఫలితాలు జులైలో వస్తాయి. 2024లో ఆ నెలాఖరున, 2025లో మొదటి వారంలో వచ్చాయి. డిగ్రీ కళాశాలల్లో ఆన్‌లైన్ ప్రవేశాలు సాగేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. పరీక్ష తప్పిన పిల్లవాడి తండ్రికి కళాశాల నుంచి ఫోన్ వస్తుంది. కొత్త బ్యాచ్ సోమవారం నుంచి మొదలవుతోందని, ఈసారి తప్పక వస్తుందని, రుసుములో కొంత తగ్గిస్తామని చెబుతారు. డిగ్రీ దరఖాస్తుకు గడువు ఇంకా ఎన్ని రోజులుందో ఆ ఫోన్‌లో ఎవరూ చెప్పరు.